నేటి సమస్యాపూరణం

తెలుగువారి సాహిత్య సభలలో అవధానానికి విశిష్ట స్థానం ఉంది. పృచ్ఛకుడు అసంబద్ధంగా తోచే ఒక పద్యపాదాన్ని ఇస్తాడు. అవధాని తక్కిన పాదాలను పూరించి, ఆ అసంబద్ధతకు ఔచిత్యం కల్పిస్తాడు. దీనినే సమస్యాపూరణం అంటారు. పుస్తకం చూసే వీలు లేదు. ఇతరులను అడిగే అవకాశం లేదు. పాండిత్యం, ధారణ, సమయస్ఫూర్తి మాత్రమే అక్కడ అక్కరకు వస్తాయి. నేటి మేనేజ్‌మెంట్ విద్యాసంస్థలలో జరిగే ‘కేస్ పోటీలు’ ఈ ప్రక్రియను గుర్తుకు తెస్తాయి.

ఒక సంస్థ ఎదుర్కొన్న చిక్కును, దానికి సంబంధించిన లెక్కలను, పరిస్థితులను వివరించే కథనమే కేస్. అమెరికాలో 1908లో ఏర్పడిన హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1920వ దశకం నుంచి ఈ పద్ధతికి బోధనలో ప్రాధాన్యం ఇచ్చింది. ముందు సూత్రం చెప్పి తరువాత ఉదాహరణ చూపడం పాత పద్ధతి. ఉదాహరణను ముందుంచి ‘మీరైతే ఏమి చేస్తారు?’ అని ప్రశ్నించడం కొత్త పద్ధతి. తరగతి గదిలోని ఈ చర్చయే క్రమంగా పోటీ రూపం దాల్చింది. కెనడాలోని మాంట్రియల్ నగరంలో 1981లో మొదలైన జాన్ మోల్సన్ పోటీ వీటిలో ప్రసిద్ధమైనది. అందులో నలుగురేసి విద్యార్థుల జట్లు మూడు గంటల వ్యవధిలో కేసును పరిశీలించి, న్యాయనిర్ణేతల ఎదుట పరిష్కారాన్ని ప్రతిపాదిస్తాయి. మనదేశంలోనూ హిందుస్థాన్ యూనిలీవర్, మహీంద్రా, ఐ.టి.సి. వంటి కంపెనీలు ఇటువంటి పోటీలను నిర్వహించాయి. విజేతలకు నగదు బహుమతులే కాక, ఉద్యోగావకాశాలు కూడా లభించడం కద్దు.

ఈ పోటీల వలన కలిగే మేలు తక్కువది కాదు. సమాచారమంతా చేతికి అందేవరకు నిర్ణయాన్ని వాయిదా వేయడం జీవితంలో సాధ్యం కాదు. ఉన్నంతలో ఆలోచించి, ఒక నిశ్చయానికి వచ్చి, దానికి కారణాలు చెప్పగలగడం గొప్ప శిక్షణ. నలుగురితో కలిసి పనిచేయడం, ఎదుటివారి ఆక్షేపణకు కోపగించక బదులు చెప్పడం ఇక్కడ అలవడతాయి. కంఠస్థం చేసి పరీక్ష రాసే విద్యకు ఇది చక్కని విరుగుడు.

అయితే అవధానంలో పద్యం పూర్తయితే సమస్య కూడా తీరుతుంది. బతుకులోని సమస్య అలా చప్పట్లతో తీరేది కాదు. ఈ భేదం తెలుసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. భద్రాచలానికి ఎదురుగా, గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న సారపాకను పరిశీలిస్తే చాలు.

సారపాకలో భద్రాచలం పేపర్ బోర్డ్స్ కర్మాగారం 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. 2002లో అది ఐ.టి.సి.లో విలీనమైంది. కాగితానికి గుజ్జు కావాలి. గుజ్జుకు కలప కావాలి. తొలినాళ్లలో వెదురును, కలపను అడవి సమకూర్చింది. కాని అడవి తరగని గాదె కాదు. అటవీ ఆధారిత పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును పెంచుకోవాలనీ, అందుకు సాగుదారులతో నేరుగా సంబంధం ఏర్పరచుకోవాలనీ 1988 నాటి జాతీయ అటవీ విధానం నిర్దేశించింది. ‘అడవిని నరకకుండా కాగితం చేయడం ఎలా?’ అన్నదే ఆ కర్మాగారం ముందు నిలిచిన సమస్య. ఏ పోటీలోనైనా ఇవ్వదగిన కేసు అది.

‘రైతులచేత జామాయిల్ వేయించాలి’ అని మూడు గంటలలో సమాధానం చెప్పవచ్చు. ఆ సమాధానం తప్పు కాదు. కాని విత్తనం నుంచి మొలిచిన మొక్కలన్నీ ఒకే తీరుగా ఎదగవు. కొన్ని తెగుళ్లకు లొంగిపోతాయి. అందువలన 1989లో అక్కడ క్లోన్ల పరిశోధన ఆరంభమైంది. తిన్నగా, ఏపుగా పెరిగిన మేలైన చెట్లను ఎంపిక చేసి, వాటి కొమ్మలకు వేళ్లు పుట్టించి, ఏ నేలలో ఏ రకం నిలుస్తుందో పొలాలలో నాటి పరీక్షించారు. ఆ పరిశోధన ఫలితమే నేడు ‘భద్రాచలం క్లోన్లు’గా పేరొందిన మొక్కలు.

అంతటితోనూ ప్రశ్నలు ముగియలేదు. జామాయిల్ కోతకు రావడానికి సుమారు నాలుగేళ్లు పడుతుంది. రెండెకరాల రైతు అంతకాలం ఏమి తిని బతకాలి? సాళ్ల నడుమ ఎడం పెంచి అంతరపంట వేయడం ఒక ఉపాయం. తిండిగింజలు పండే నేలలో కలప తోటలు పెరగడం మంచిదేనా అన్న విమర్శ మరొకటి. ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1970 నాటి ఒకటవ నంబరు నిబంధన రక్షణగా ఉంది. ఏ ప్రణాళిక అయినా ఆ చట్టానికి లోబడే ఉండాలి. ఈ సంగతులు పట్టికలలోని అంకెలకు అందవు. పొలం గట్టున నిలబడి రైతును అడిగినవారికే బోధపడతాయి.

కేస్ పోటీలలోని లోపం ఇక్కడే ఉంది. ప్రశ్న కంపెనీది, తీర్పూ కంపెనీదే. ఆ నిర్ణయం వలన లాభమో నష్టమో పొందేవారి గొంతు ఆ సభలో వినిపించదు. ఇందుకు పోటీలను మానుకోవలసిన పని లేదు, సరిదిద్దుకుంటే చాలు. తుది పోటీకి ముందు ప్రతి జట్టు సంబంధిత గ్రామంలో కొన్ని దినాలు గడపాలి. న్యాయనిర్ణేతల వరుసలో మేనేజర్ల సరసన ఒక రైతుకు, ఒక గిరిజన మహిళకు కూడా స్థానం ఉండాలి. వారు అడిగే ప్రశ్నకు నిలిచిన పరిష్కారమే నిజమైన పరిష్కారం.

పట్టణాల పెద్ద కళాశాలల కోసం ఎదురు చూడకుండా, జూనియర్ కళాశాల విద్యార్థులు కూడా ఈ సాధన చేయవచ్చు. వేసవి తొలినాళ్లలో కోయ కుటుంబాలు వేకువనే లేచి ఇప్పపువ్వు ఏరుకుంటాయి. ఆ పువ్వు తడిస్తే చెడిపోతుంది. ఆరబెట్టి దాచే వసతి లేనివారు వచ్చిన ధరకు అమ్ముకోక తప్పదు. అటవీ ఫలసాయాన్ని కొనడానికి గిరిజన సహకార సంస్థ ఉంది. కొనుగోలు కేంద్రం ఎంత దూరంలో ఉంది? పువ్వును ఎన్నాళ్లు నిలువ చేయవచ్చు? వీటిని అడిగి తెలుసుకొని ఒక పుటలో రాయగలిగితే, అదే వారి తొలి కేసు అవుతుంది.

ఇందులో అటవీ ప్రాంతపు విద్యార్థికి ఒక అనుకూలత ఉంది. ఇతరులు కాగితం మీద చదివే సమస్య అతనికి ఇంటి వాకిట ఎదురవుతుంది. తల్లి తలమీది గంప బరువు అతనికి తెలుసు. ఆ తెలివిడికి చదువు తోడైనప్పుడు, అతడు ఒకరిచ్చిన సమస్యను పూరించడంతో ఆగడు. అడగవలసిన సమస్య ఏదో తానే చెప్పగలుగుతాడు. పూరణ కంటె పృచ్ఛ గొప్పది. మన విద్య ఆ పృచ్ఛకులను తయారు చేయాలి.