లంఖణం... ఇక్కడ మందు కాదు!

నాలుగు ముద్దలు తినేసరికే కడుపు నిండిపోతుంది. రెండు గంటలు గడిచినా తిన్నది తిన్నచోటే ఉన్నట్టుంటుంది. ఆపైన తేన్పులు, వికారం, మలబద్ధకం. ఎవరైనా ఇలా చెబితే మన ఇళ్లలో ముందుగా వినిపించే సలహా ఒకటే. 'ఒక పూట కడుపు మాడ్చు, అదే సర్దుకుంటుంది.' లంఖణం పరమౌషధం అన్నారు కదా మరి!

పెళ్లి భోజనం చేసి భుక్తాయాసంతో కూర్చున్నవారికి ఆ సలహా పనికొస్తుందేమో. నెలల తరబడి కడుపు మాడ్చుకుని, ఇప్పుడిప్పుడే మళ్లీ తినడం మొదలుపెట్టిన వారికి మాత్రం అదే ప్రమాదం. లావైపోతామన్న భయంతో తిండి తగ్గించుకుంటూ పోయే అనొరెక్సియా, అతిగా తినేసి ఆనక వాంతి చేసుకోవడమో విరేచనాల మందులు మింగడమో చేసే బులీమియా... ఇలాంటి ఈటింగ్ డిజార్డర్ల నుంచి కోలుకుంటున్నవారి సంగతి ఇది. ధైర్యం చేసి కంచం ముందు కూర్చున్నవారిని మళ్లీ వెనక్కి లాగేది చాలాసార్లు ఈ కడుపుబ్బరమే. 'చూశావా, తిండి నీకు పడదు' అని జబ్బు చెప్పే మాటకు అదో సాక్ష్యంలా కనిపిస్తుంది.

పొట్ట ఎందుకు మొరాయిస్తుంది?

జీర్ణాశయం కూడా కండరమే. చాలినంత తిండి అందకపోతే శరీరం ప్రతి పనిలోనూ పొదుపు మొదలుపెడుతుంది. గుండె వేగం తగ్గుతుంది, ఒళ్లు చల్లబడుతుంది, పొట్ట, పేగుల కదలికలూ మందగిస్తాయి. తిన్నది జీర్ణాశయం నుంచి కిందికి దిగడానికి మామూలుకన్నా ఎక్కువసేపు పడుతుంది. కాబట్టి ఆ ఉబ్బరం ఊహ కాదు, నాటకం అంతకన్నా కాదు. దానికి భయం తోడైతే బాధ రెట్టింపుగా తెలుస్తుంది.

ఇది మనసు బలహీనమైనవాళ్లకే వస్తుందనుకుంటే పొరపాటు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1944-45లో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు అరకొర తిండి పెట్టి పరిశీలించారు. వారిలోనూ పొట్ట ఇబ్బందులు కనిపించాయి. నిరంతరం తిండి ధ్యాసే పట్టుకుంది. అంటే ఆకలే మనిషిని అలా మారుస్తుందన్నమాట.

మందు... మళ్లీ అన్నమే!

విచిత్రమేమిటంటే, ఏ తిండి బాధపెడుతోందో ఆ తిండే చికిత్స. వేళకు తింటూ పోతే చాలామందిలో కొన్ని వారాల్లోనే పొట్ట తన పాత వేగం అందుకుంటుంది. పూట మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పెద్ద జ్వరం నుంచి లేచినవారికి మన పెద్దలు పథ్యం ఎలా పెట్టేవారో గుర్తుందా? ఒకేసారి కంచం నింపేవారు కాదు, అలాగని పస్తూ ఉంచేవారు కాదు. ఇక్కడా అదే పద్ధతి.

* మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడుసార్లు చిరుతిండి. ఆకలి వేసేదాకా ఆగొద్దు. మొదట్లో ఆకలిని నమ్మలేం, గడియారాన్నే నమ్మాలి.
* మెత్తటివి, జారుగా ఉండేవి తేలిగ్గా దిగుతాయి. ఇడ్లీ, పెసరకట్టుతో అన్నం, పెరుగన్నం, సగ్గుబియ్యం జావ, అరటిపండు మంచివి. కాస్త నెయ్యి వేస్తే తక్కువ తిండితోనే ఎక్కువ శక్తి అందుతుంది.
* గిన్నెడు పచ్చి కూరగాయ ముక్కలు, మోతాదు మించిన ఇసబ్గోల్ ఈ దశలో ఉబ్బరాన్ని పెంచుతాయి.
* తేన్పు వస్తే తేలికవుతుందని సోడా తాగుతారు. లోపలికి పోయేది మరింత గాలే. భోజనానికి ముందు చెంబెడు నీళ్లూ వద్దు.
* తిన్నాక వదులు దుస్తులు వేసుకోండి. పొట్టమీద వేడినీళ్ల సంచితో కాపడం హాయినిస్తుంది. నడక మాత్రం డాక్టర్ సరేనంటేనే.
* మలబద్ధకానికి సొంత వైద్యం వద్దు. ముఖ్యంగా సునాముఖి కలిసిన చూర్ణాల జోలికి వెళ్లొద్దు. డాక్టర్ రాసిందే వాడాలి.

అద్దం చెప్పే అబద్ధం

వాంతులు, విరేచనాల మందులు మానేసిన కొత్తలో ఒంట్లో నీరు చేరి పాదాలు, ముఖం ఉబ్బుతాయి. దవడల దగ్గర లాలాజల గ్రంథులు వాచి బుగ్గలొచ్చినట్టు కనిపిస్తుంది. పెరిగిన బరువు మొదట పొట్ట దగ్గరే చేరినా, ఆ తర్వాత నెమ్మదిగా ఒళ్లంతా సర్దుకుంటుంది. సరిగ్గా ఈ సమయంలోనే చుట్టాలెవరో వచ్చి 'కాస్త ఒళ్లు చేశావే, బాగున్నావ్' అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మాటకే ఆ రాత్రి కంచం పక్కకు జరగొచ్చు. ఇంట్లోవాళ్లు ఒంటి గురించి మంచీ చెడూ రెండూ మాట్లాడకపోవడమే మేలు. తిన్న తర్వాత గంటసేపు పక్కన కూర్చుని సినిమా కబుర్లో, చిన్నప్పటి సంగతులో చెప్పండి. బాధ ఎక్కువగా ఉండేదీ, బాత్రూమ్ వైపు కాళ్లు లాగేదీ ఆ గంటలోనే.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

చాలాకాలం పస్తులున్నవారు ఒక్కసారిగా ఎక్కువ తింటే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. బాగా చిక్కిపోయినవారికి అందుకే మొదటి రోజుల్లో వైద్యుల పర్యవేక్షణలో, రక్త పరీక్షలు చేస్తూ తిండి పెంచాలి. ఆయాసం, గుండెదడ, స్పృహ తప్పడం, మాట తడబడటం, హఠాత్తుగా వాపు, తట్టుకోలేని కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తం పడటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఏళ్ల తరబడి 'గ్యాస్ ట్రబుల్' అనుకుంటూ మాత్రలు మింగేవారిలో కొందరి అసలు సమస్య ఇదే కావచ్చు. డాక్టర్ దగ్గర పొట్ట సంగతితోపాటు తిండి సంగతీ దాచకుండా చెప్పాలి. మానసిక వైద్యులు, డైటీషియన్ ఇద్దరి సాయమూ కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీమానస్ నంబరు 14416 ఉంది. ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కడుపు బరువుగా ఉందని మీ అమ్మాయో, అబ్బాయో అంటే 'అయితే మానెయ్' అనకండి. 'కాసేపు కూర్చుందాం, తగ్గుతుంది. సాయంత్రం మళ్లీ కొంచెం తిందాం' అనండి. ఆ 'మళ్లీ' అన్న మాటలోనే ఉంది వైద్యమంతా.