గంపకు గడి ఏదీ?

విశాఖలో సెలవు రోజుల్లో డేటాబేస్ నిపుణులూ, అప్లికేషన్లు రాసే యువతీ యువకులూ ఒకచోట చేరి తమ పని గురించి మాట్లాడుకుంటుంటారు. అలాంటి సమావేశానికి ఈమధ్య నేనూ వెళ్ళాను. లక్షల పేర్లలోంచి ఒక పేరును ఎంత వేగంగా వెతకాలి, సమాచారం చెడిపోకుండా ఎలా దాచాలి అని గంటలకొద్దీ శ్రద్ధగా చర్చించారు. పట్టికలో ఏ గడులు ఉండాలో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న మాత్రం రాలేదు. నేనడిగాను. అది తమ పని కాదనీ, పని అప్పగించినవాళ్ళు చెప్పినట్టు చేస్తామనీ జవాబిచ్చారు.

ఈ జవాబును మనం ఒప్పుకోకూడదు. ఎందుకో జాలరిపేటకు వెళ్తే తెలుస్తుంది.

తెల్లవారకముందే హార్బరుకు వెళ్ళి వేలంపాటలో చేపలు కొనేదీ, గంపకెత్తుకుని వీధులు తిరిగి అమ్మేదీ ఇక్కడి స్త్రీలే. మిగిలినవాటిని ఉప్పువేసి ఎండబెట్టేదీ, పెట్టుబడికి వడ్డీకి అప్పు తెచ్చేదీ వాళ్ళే. ఇంటిపని సరేసరి. ఇంత శ్రమా ఫారంలో 'వృత్తి' అనే ఒక్క గడిలో ఇమడాలి. నింపే మనిషి 'గృహిణి' అని రాసి పక్కింటికి వెళ్ళిపోతాడు.

ఇది మాటల పేచీ కాదు, తిండి సమస్య. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక పడవల వేట నిషేధం. ఆ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలైంది, 2025లో 20,000 అయింది. అది పడవమీద వేటకు వెళ్ళేవాళ్ళ పేరున వస్తుంది. పడవ ఒడ్డునుంటే గంప కూడా ఖాళీయే కదా! 2023 నవంబరులో హార్బరులో పడవలు తగలబడినప్పుడు కూడా పరిహారాన్ని పడవ విలువను బట్టే లెక్కగట్టారు. పడవకు రిజిస్ట్రేషను నంబరుంది. గంపకు ఏ నంబరూ లేదు.

మగవాడికి వస్తే ఇంటికి వచ్చినట్టే అంటారు. మరి భర్త చనిపోయిన స్త్రీ, భర్త వదిలేసిన స్త్రీ, భర్త డబ్బంతా తాగేసే స్త్రీ ఏ ఇంటి లెక్కలోకి వస్తారు? కేంద్ర ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ప్రారంభించిన మత్స్యరంగ డిజిటల్ వేదికలో చేపలమ్మేవాళ్ళు కూడా నమోదు చేసుకోవచ్చు. మంచిదే. కానీ పేరెక్కే జాబితా వేరు, డబ్బు పడే జాబితా వేరు. ఆ తేడా తెలియకుండా సంతోషిస్తే మోసపోయేది మనమే.

సాంకేతికంగా కుదరదని ఎవరూ చెప్పలేరు. ఈనాటి డేటాబేసులకు పునాది 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ వేశాడు. ఒక గడిలో ఒకే విలువ ఉండాలి, ఒక మనిషికి పలు విలువలుంటే వాటికి వేరే పట్టిక వేయాలి అన్నది ఆ శాస్త్రంలో మొదటి పాఠం. మనిషికి నాలుగు ఫోన్ నంబర్లుంటే వేరే పట్టిక వేసేవాళ్ళకు, నాలుగు పనులు చేసే స్త్రీ కనిపిస్తే అది ఎందుకు తట్టదు? తట్టనివ్వనిది యంత్రం కాదు, పితృస్వామ్యం.

నిర్ణయం మారితే గడీ మారుతుంది. 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డుకు ఇంట్లో 18 ఏళ్ళు నిండిన స్త్రీలలో పెద్దామెనే కుటుంబ పెద్దగా గుర్తించింది. అందుకు ఏ కంప్యూటరూ అడ్డం చెప్పలేదు.

మన తప్పూ ఒప్పుకుందాం. మన సంస్థల సర్వే ఫారాలలో 'కుటుంబ యజమాని' అన్న గడిని ఎన్నిసార్లు ప్రశ్నించకుండా నింపలేదు? ముందు దాన్ని కొట్టేద్దాం. ఆ తర్వాత డేటాబేస్ మిత్రులను ఒకటి అడుగుదాం. మీ తర్వాతి సమావేశం జాలరిపేటలో పెట్టండి. ప్రోగ్రాము రాయకముందే ఫారంలోని ప్రతి గడినీ ఈ స్త్రీల ముందు తెలుగులో చదివి వినిపించండి. ఏది ఉండాలో, ఏది పోవాలో వాళ్ళు చెబుతారు. రోజూ వేలంపాటలో లెక్కలు చూసేవాళ్ళకు పట్టికలు కొత్త కాదు.