వడియం మీద గుడ్డ నేత

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అమ్మాయి ఒకటే పేచీ. బళ్ళో ప్రదర్శనకి శిలాజం తెస్తానని టీచరుగారికి మాటిచ్చి వచ్చిందట! ఎచ్చెర్లలో శిలాజం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? "పక్కనే నాగావళి ఉంది కదమ్మా, ఏట్లో బోలెడు రాళ్ళు" అంది. సరే, పులిహోర, పెరుగన్నం కట్టుకుని ఆదివారం అందరం బయల్దేరాం. "రాళ్ళేరడానికి క్యారేజీలేటమ్మా!" అని నవ్విన మా అత్తగారే అందరికన్నా ముందు ఆటో ఎక్కారు.

సాయంత్రం దాకా వెతికాం. (ఇసుక తవ్విన గోతులు లోతుగా ఉంటాయి. మీరు వెళ్తే పిల్లల చెయ్యి వదలకండి.) దొరికినవి గులకరాళ్ళు, నత్తగుల్లలు, ఆల్చిప్పలు. పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మావారు ఒక ఆల్చిప్ప కడిగిచ్చి, "ఇదే శిలాజమని రాసెయ్, ఎవరు చూడొచ్చారు!" అన్నారు. నాకూ ఒక్క క్షణం అదే నయమనిపించింది. కానీ పిల్ల నా మొహంలోకి చూసింది. "వద్దండీ, అబద్ధం రాయించొద్దు" అనేశాను.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే సంగతి తెలిసింది. మనం పిండి వడియాలు పాత పంచె మీద పెడతాం కదా! ఎండాక తీస్తే అడుగున గుడ్డ నేత అచ్చు పడి ఉంటుంది. శిలాజమూ అంతే. బురదలో కూరుకుపోయిన గుల్లో, ఎముకో, ఆ బురద రాయిగా మారేటప్పుడు తన రూపు అందులో వదిలిపోతుంది. అదే వడియాన్ని నూనెలో వేయించండి, నేత కనిపిస్తుందా? మన తూర్పు కనుమల రాయి అలా వేగిన వడియమే. దాన్ని ఖోండలైట్ అంటారు. కొండల్లో ఉండే ఖోండుల పేరే పెట్టారు. సుమారు 100 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారిపోయిన రాయి అది. గుల్లలూ ఎముకలూ ఉన్న జీవాలు పుట్టింది ఆ తర్వాత ఎంతో కాలానికి. మరి ఆ కొండల్లోంచి వచ్చిన ఏటిరాళ్ళలో శిలాజాలెలా ఉంటాయి?

గోదావరి వైపు కథ వేరు. రాజమండ్రి దగ్గర కాతేరులో, పంగిడిలో లావా పొరల మధ్య సుమారు 6.5 కోట్ల ఏళ్ళనాటి గుల్లలున్నాయి. పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన రాక్షసిబల్లికి 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడొచ్చు.

గండకీ నదిలో దొరికే సాలగ్రామాలూ శిలాజాలేనట. హిమాలయాలు లేవకముందు అక్కడున్న సముద్రంలో బతికిన జీవుల గుల్లల చుట్టలు! ఇది చదివి వినిపించగానే అత్తగారు పూజగదిలోకి వెళ్ళి సాలగ్రామాన్ని చేతిలోకి తీసుకున్నారు. "అంత పాతవాడా మా స్వామి!" అని మురిసిపోయారు. బడికి మాత్రం ఇవ్వనన్నారు!

పిల్ల ఆలోచించి ఒక పచ్చి వడియం, ఒక వేయించిన వడియం, ఒక ఏటిరాయి అట్టకి అంటించింది. పైన "మా ఏట్లో శిలాజాలు ఎందుకు లేవు?" అని రాసి తీసుకెళ్ళింది. బహుమతి రాలేదు గానీ టీచరుగారు అందరి ముందూ చదివించారట. వేయించిన వడియాన్ని మాత్రం సాయంత్రానికల్లా ఎవరో తినేశారట!