నిశ్శబ్దమే విశ్రాంతి కాదు

పసుపు పంట ఇల్లు చేరి, అమ్మకాలు ముగిశాక మోర్తాడ్ ప్రాంతంలోని పెద్దలు చాలామంది హైదరాబాదులోని పిల్లల వద్దకు బయలుదేరుతారు. ఇల్లు తార్నాకలోనో, సైనిక్‌పురిలోనో, ఏదో ఒక ప్రశాంతమైన కాలనీలో ఉంటుంది. చెట్ల నీడ, రొద లేని వీధి. ఆరోగ్యానికి ఇంతకంటే ఏమి కావాలని మీరు అనుకోవచ్చు. నా అభిప్రాయం కొంత వేరు.

ప్రశాంతత మంచిదే. నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నిర్దేశించాయి. రొద తగ్గితే నిద్ర కుదురుతుంది, గుండెకూ మేలు. కానీ శబ్దం లేకపోవడం వేరు, పలకరింపు లేకపోవడం వేరు.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద రైతు నగరంలో రెండు నెలలుండి నా వద్దకు వచ్చారు. చక్కెర పెరిగింది, రక్తపోటు పెరిగింది, ముఖంలో కళ తగ్గింది. "అక్కడ అన్నీ ఉన్నయి సారూ, మాట్లాడే మనిషే లేడు" అన్నారు. పొద్దున్నే పిల్లలు ఉద్యోగాలకు, మనవలు బడికి వెళ్లేవారు. మూసిన గేటు వెనుక ఆయన సాయంత్రం దాకా టీవీ ముందు కూర్చునేవారు. తెచ్చుకున్న మాత్రలు నెలకే అయిపోతే, కొడుకుకు శ్రమ ఎందుకని అడగలేదు.

ఇందులో వింత లేదు. ఊరిలో చేను దాకా నడిచే కాళ్లు ఆగిపోతే, కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకోవడం తగ్గుతుంది. ఒంటరితనం ఆకలిని, నిద్రను, మందుల క్రమాన్ని చెడగొడుతుంది. దాన్ని ఆరోగ్య సమస్యగా గుర్తించే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సామాజిక అనుబంధాలపై ప్రత్యేక కమిషన్‌ను నియమించింది.

వెళ్లే పెద్దలకు నా సూచన: ఉండబోయే రోజులకు సరిపడా మందులు, వైద్యుని చీటీ వెంట తీసుకువెళ్లండి. మందులు అయిపోతే అడగడానికి మొహమాటపడకండి. వారానికి కనీసం 150 నిమిషాలు నడవండి. కాలనీ వీధులన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి కనుక చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం జేబులో ఉంచుకోండి.

పిలిచే పిల్లలకు: మొదటి రోజే అమ్మానాన్నలను ఇరుగుపొరుగుకు పరిచయం చేయండి. పార్కుకు దారి చూపండి. కొత్త ఇంట్లో రాత్రి లేచి పడిపోయే ప్రమాదం ఎక్కువ. స్నానాల గదికి వెళ్లే దారిలో చిన్న దీపం వెలగనివ్వండి, నేల తడి లేకుండా చూడండి. అత్యవసరమైతే 108కి, వయోవృద్ధుల సహాయానికి 14567కి ఫోన్ చేయవచ్చని వారికి నేర్పండి.

అన్నిటికంటే ముఖ్యం, రోజుకు అరగంట వారి పక్కన కూర్చోండి. ఫోను పక్కన పెట్టి ఊరి ముచ్చట్లు అడగండి. మంచి గది, మెత్తని పరుపు ఇచ్చారు, సంతోషం. వారు నూరు మైళ్లకు పైగా ప్రయాణించి వచ్చింది మాత్రం మీ కోసం.