మోరీలు తెలిసినోళ్లే కాదు, మనసు తెలిసినోళ్లూ కావాలె!

మనసుకు వైద్యం చేసే మనిషి వార్డు ఎన్నికల్లో నిలబడితే మన దగ్గర ముందుగాల వినిపించేది ఎకసెక్కమే. 'పిచ్చి డాక్టరుకు మోరీలతోని ఏం పని?' అంటరు. కాంట్రాక్టరు నిలబడితే ఈ ప్రశ్న అడగం. ప్లాట్ల వ్యాపారి నిలబడితే అడగం. వైన్‌షాపు ఓనరు నిలబడితే దండేసి ఊరేగిస్తం. ఏండ్లకేండ్లు మనుషుల గోస విన్న మనిషి నిలబడితేనే మనకు నవ్వొస్తది. మునిసిపాలిటీ అంటే సిమెంటు, నల్లా, చెత్తబండి తప్ప ఇంకేం కాదన్న నమ్మకమే ఈ నవ్వుకు మూలం. ఆ నమ్మకం తప్పని మేము అంటున్నాం. సముద్రాల అవతలి ఒక చిన్న ఊరి కథ చూస్తే ఎందుకు తప్పో అర్థమైతది.

అమెరికాలో లాస్ ఏంజిలెస్ పక్కన మాంటెరీ పార్క్ అనే ఊరున్నది. జనాభా అరవై వేల చిల్లర. 1970ల నుంచి తైవాన్, హాంకాంగ్‌ల నుంచి వచ్చిన చైనీయులు అక్కడ ఇండ్లు కొన్నారు, దుకాణాలు తెరిచారు. దుకాణాల మీద చైనా లిపి బోర్డులు లేచాయి. అపార్టుమెంట్లు పెరిగాయి, రోడ్ల మీద ట్రాఫిక్ పెరిగింది. పాత కాపురస్తుల్లో చాలామందికి ఊరు చెయ్యి దాటి పోతున్నదన్న బెంగ పట్టుకుంది. ట్రాఫిక్ మీద కోపం, బిల్డర్ల మీద కోపం మెల్లగా పరాయి భాష మీద కోపమైంది.

1983లో ఆ ఊరికి లిలీ లీ చెన్ మేయరయ్యారు. అమెరికాలో మేయరైన తొలి చైనా సంతతి మహిళ ఆమె. వృత్తి సోషల్ వర్క్. 1986 ఎన్నికల్లో ఆమెతో పాటు ఇద్దరు లాటినో సభ్యులు ఓడిపోయారు. అయిదుగురి కౌన్సిల్లో ఆ మూడు సీట్లూ తెల్లవాళ్లకు పోయాయి. ఆ ఏడు జూన్‌లోనే ఇంగ్లీషు అధికార భాష కావాలని కౌన్సిల్ తీర్మానం చేసింది. దానికి చట్టబలం ఏమీ లేదు. కానీ నీ అవ్వ మాట్లాడే భాష ఈ ఊరికి అక్కర్లేదని నీ కౌన్సిలే చెప్పినంక గాయం కావడానికి చట్టం దేనికి? చైనీయులు, జపనీయులు, లాటినోలు, తెల్లవాళ్లలో మంచి మనసున్నవాళ్లు ఒక్కటై సంతకాలు సేకరించారు. అక్టోబరుకల్లా కౌన్సిల్ తీర్మానాన్ని రద్దు చేసుకోక తప్పలేదు.

ఆ కొట్లాటలో నిలబడ్డవాళ్లలో జూడీ చూ ఒకరు. సైకాలజీలో డాక్టరేటు. కాలేజీల్లో సైకాలజీ పాఠం చెప్పే పని. 1985లో స్కూలు బోర్డుకు ఎన్నికయ్యారు. 1988లో మాంటెరీ పార్క్ కౌన్సిల్‌కు పోటీ చేసి గెలిచారు. ఆసియా వాళ్ల ఓట్లే కాదు, లాటినోల ఓట్లూ తెల్లవాళ్ల ఓట్లూ పడ్డాయి. 2001 దాకా కౌన్సిల్లో ఉన్నారు, మూడుసార్లు మేయరయ్యారు. 2009లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి చైనా సంతతి మహిళ అయ్యారు.

ఇక్కడ గమనించాల్సిన ముచ్చట ఒకటుంది. ఫిర్యాదు వేరు, భయం వేరు. ట్రాఫిక్ ఎక్కువైందన్నది ఫిర్యాదు. దానికి జవాబు రోడ్డు, సిగ్నలు, బిల్డర్ల మీద అదుపు. మా ఊరు మాకు కాకుండా పోతున్నదన్నది భయం. దానికి జవాబు మాట, గౌరవం, ఒకచోట కూచోబెట్టి వినడం. ఈ రెండింటినీ కలగాపులగం చేసి ఓట్లు దండుకునేది రాజకీయ బేరగాడు. వేటికవి విడదీసి వినేది మనసు తెలిసిన మనిషి. ఆ మనిషి కౌన్సిల్లో ఉండాలె అనేది మా మాట.

2023 జనవరిలో అదే ఊర్లో చైనా కొత్త సంవత్సరం వేళ ఒక డాన్స్ హాల్లో కాల్పులు జరిగి పదకొండు మంది చనిపోయారు. కాల్చినాయన వయసు 72 ఏండ్లు. బాధితులకు, భయపడ్డ వృద్ధులకు ఆసరా కేంద్రం తెరిచింది ఊర్లోని సీనియర్ సిటిజన్ల భవనంలోనే. ఆపద వచ్చిననాడు మనసుకు మొదటి దవాఖాన ఊరి సొంత భవనమే.

మరి మన వార్డుల సంగతి? 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలుకొచ్చింది. మునిసిపాలిటీలకు అప్పగించదగ్గ పద్దెనిమిది పనుల జాబితా పన్నెండో షెడ్యూల్లో ఉంది. వికలాంగులు, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లతో సహా బలహీనవర్గాల మేలు చూడాలన్న మాట అందులో తొమ్మిదోది. ఎంతమంది కార్పొరేటర్లు ఆ లైను చదివారు? 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల లెక్క. వాళ్లలో దాదాపు మూడోవంతు మందికి కుటుంబ సమస్యలే కారణమని రాశారు. ఆ కుటుంబాలున్నది ఏదో ఒక వార్డులోనే కదా! నడిరాత్రి నల్లా వస్తే నిద్ర పోయేది తల్లికి. వీధిలైటు లేకపోతే ట్యూషన్ బందయ్యేది ఆడపిల్లకు. పార్కు కబ్జా అయితే నాలుగు గోడల మధ్య కుమిలేది ముసలాయన. మోరీకీ మనసుకూ సంబంధం లేదనేటోళ్లకు ఈ బస్తీలు ఎన్నడు కనబడతాయి?

పని కష్టమైనదేం కాదు. బస్తీ దవాఖానాల్లో వారానికి ఒక్కరోజన్నా కౌన్సెలర్ కూచోవాలె. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 ప్రతి బడి గోడ మీద, ప్రతి వార్డు ఆఫీసు మీద రాయించాలె. వైన్‌షాపు ఎక్కడ పెట్టాలన్నప్పుడు అక్కడి ఆడవాళ్ల మాట వినాలె. వీటికి కోట్లు అక్కర్లేదు, కౌన్సిల్లో అడిగే నోరు కావాలె.

అయితే డిగ్రీ చూసి కండ్లు మూసుకొని ఓటేయమని మేము చెప్పడం లేదు. మనసు డాక్టరు చేతిలో జనం రహస్యాలుంటాయి. అవి ఓట్ల బేరానికి పనికిరావు. ఎదుటి అభ్యర్థికి పిచ్చి అని ముద్రేసే హక్కు కూడా వాళ్లకు లేదు. 1964లో ఒక అమెరికా పత్రిక అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ మతి మీద వేలమంది సైకియాట్రిస్టులను అడిగింది. ఆయనను చూడకుండానే వెయ్యిమందికి పైగా పనికిరాడని తీర్పిచ్చారు. ఆయన కోర్టుకెక్కి గెలిచారు. పరీక్షించని మనిషి మీద అట్ల మాట్లాడొద్దని 1973లో ఆ దేశపు సైకియాట్రిస్టుల సంఘం నియమం పెట్టుకుంది. ఈ కట్టుబాటు ఉన్నవాళ్లే కౌన్సిల్‌కు రావాలె.

రేపు మీ గల్లీలకు ఓటడగ వచ్చేవాళ్లను రోడ్డు ఎప్పుడేస్తవని అడగండి, తప్పక అడగండి. దానితోపాటు ఇంకొక్క మాట కూడా అడగండి. నా బిడ్డ రాత్రిళ్లు నిద్రపోతలేడు, మా వార్డులో నేను ఎవరికి చెప్పుకోవాలె? ఈ ప్రశ్నకు నవ్వేటోడిని సాగనంపండి. కుర్చీ లాక్కొని కూచొని వినేటోళ్లను గెలిపించుకోండి.