బ్రోకరుకు నంబరిచ్చిన్రు, మన ఎకరానికి కాపలా ఏది?

ఊళ్ళోకి బండి మీద వచ్చే ఆ మనిషిని మనందరం ఎరుగుదుం. తెల్లచొక్కా, చేతిల రెండు సెల్‌ఫోన్లు, వెనక సీటు మీద మన ఊరి పిల్లగాడే ఒకడు. చాయ్ హోటల్ కాడ ఆగుతడు. "రోడ్డు పక్కన బిట్టు ఏమన్న ఉన్నదా?" అని అడుగుతడు. మొదటి దినం అడిగి పోతడు. రెండో దినం నేరుగా మన వాడకే వస్తడు. "పెద్దమ్మా, నీది లావణి పట్టా. ఇయ్యాల కాకుంటె రేపు సర్కారు ఉత్తగనే గుంజుకుంటది. ఈ బయానా తీసుకో, ఈ కాయిదం మీద వేలిముద్ర వెయ్యి" అంటడు. ఇప్పుడు దీనికొక కొత్త సంగతి కలిసింది. జేబులోంచి కార్డు తీసి, "నేను గవర్నమెంటు గుర్తింపు ఉన్న ఏజెంటును, రెరా నంబరున్నది చూడు" అంటున్నడు.

ఆ నంబరు ఏంది? ఎవరిచ్చిన్రు? ఎవరి కోసం ఇచ్చిన్రు? ఆ నంబరు చూసి మన పెద్దమ్మ వేలిముద్ర వెయ్యొచ్చునా? మిత్రులారా, ఈ పక్షం మనం మాట్లాడుకోవలసిన ముచ్చట ఇదే.

పార్లమెంటు 2016లో రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం చేసింది. రెరా అన్నది దాని పొట్టి పేరు. 2017 మే 1 నాటికి చట్టం పూర్తిగా అమలులోకి వచ్చింది. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు వేర్వేరుగా నిబంధనలు రాసుకున్నయి. ఈ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, మన లెక్కన అయిదు గుంటలు దాటిన జాగను ప్లాట్లు చేసి అమ్మేటోడు ముందుగా ఆ వెంచర్‌ను రెరా అథారిటీ దగ్గర రిజిస్టర్ చేయించాలి. అది కాకముందు ప్రకటన వెయ్యరాదు, బుకింగ్ తీసుకోరాదు. ఆ వెంచర్‌ల ప్లాటు అమ్మిపెట్టే బ్రోకరు కూడ విడిగా రిజిస్టర్ కావాలి. చట్టం వానికి పెట్టిన పేరు ఏజెంటు. దళారి అనుకో, మధ్యవర్తి అనుకో, ప్రాపర్టీ డీలర్ అనుకో, కమీషన్ తీసుకుంటే ఏజెంటే.

రెండు రాష్ట్రాల నిబంధనలలోనూ ఒంటి మనిషికి ఫీజు 10 వేలు, కంపెనీకి 50 వేలు. ఒకసారి రిజిస్టర్ అయితే అయిదేండ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యూవల్ చేయించుకోవాలి. తాను కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ బ్రోకరు తన నంబరు రాయాలి. రిజిస్టర్ కాని వెంచర్‌ల ప్లాటు అమ్మరాదు. లెక్కల పుస్తకాలు పెట్టాలి. లేని రోడ్డును, రాని స్కూలును చూపి అబద్ధం ఆడరాదు. బుకింగ్ నాడే కాయిదాలన్నీ కొనేటోని చేతిల పెట్టాలి. తప్పితే రోజుకు 10 వేల జరిమానా. అది పెరిగి పెరిగి ఆ ప్లాటు ఖరీదులో నూటికి 5 వంతుల దాకా పోవచ్చు. మోసం రుజువైతే రిజిస్ట్రేషన్ రద్దు. రిజిస్టర్ అయిన ఏజెంట్ల పేర్లు, ఫొటోలు, రద్దయినోళ్ళవి కూడ, అథారిటీ తన వెబ్‌సైటులో పెట్టాలని చట్టంలోనే ఉన్నది.

ఇది మంచిదే. మనవాళ్ళూ ప్లాట్లు కొంటున్నరు. మునిసిపాలిటీల రోడ్లూడ్చే చెల్లె, ఆటో నడిపే అన్న, గల్ఫుల ఎండకు మాడి పైస పంపే తమ్ముడు, నెలనెలా కట్టే వాయిదాల మీద వంద గజాలకు ఆశపడుతున్నరు. "ప్రీ లాంచ్" పేరుతోని పైసలు వసూలు చేసి మాయమైనోళ్ళ చేతిల దెబ్బతిన్నది ఎక్కువగా ఇట్లాంటోళ్ళే. కాబట్టి కొనే ముందర వెంచర్ నంబరు అడుగు, ఏజెంటు నంబరు అడుగు. చదువుకున్న పిల్లలకు చెప్పి రెండూ ఫోనుల చూడమను. రాతపూర్వక అగ్రిమెంటు లేకుండ ఖరీదులో నూటికి 10 కన్న ఎక్కువ అడ్వాన్సు తీసుకునే హక్కు అమ్మేటోనికి లేదు. మోసపోతే రెరా అథారిటీకే నేరుగా ఫిర్యాదు ఇయ్యొచ్చు. "ఫారం ప్లాటు" అని గుంటల లెక్కన అమ్ముతున్నరంటే, లేఔటు లేకుండ ఈ చట్టం కండ్లు గప్పే ఎత్తు అది కావచ్చునని తెలుసుకో.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు. సగమే అయింది.

ఈ చట్టం కొనేటోని కోసం పుట్టింది. అమ్ముకునేటోడు దీని చూపుల లేడు. వెంచర్‌ల ప్లాటు అమ్మిపెట్టేటోడే ఈ చట్టానికి ఏజెంటు. కాని ప్లాటు కాకముందు ఆ భూమి ఎవరిది? జొన్నలు పండిన చెలక ఎవరిది? మన పెద్దమ్మ ఎకరాన్ని తెల్లకాయిదం మీద రాయించుకున్న నాడు అది వెంచర్ కాదు, ఉత్త పొలం. కాబట్టి ఆ నాడు ఆ మనిషి ఈ చట్టానికి బ్రోకరే కాడు! అదే ఎకరానికి రాళ్ళు పాతి, రంగులేసి, గేటు కట్టినంక పట్నం నుంచి వచ్చినోనికి అమ్మేటప్పుడు మాత్రం వాడు నంబరున్న ఏజెంటు. పట్నపోని అడ్వాన్సుకు చట్టం కాపలా ఉన్నది. పెద్దమ్మ వేలిముద్రకు ఈ చట్టంలో కాపలా లేదు. కార్డు మీది నంబరు ఆమె కోసం కాదు. ఆమెకు చూపిస్తున్నది నమ్మించడానికి మాత్రమే.

మరి ఆమెకు ఏ చట్టమూ లేదా? ఉన్నది. 1977లో వచ్చిన అసైన్డు భూముల అన్యాక్రాంత నిషేధ చట్టం. తెలంగాణల లావణి పట్టా అన్నా, ఆంధ్రల డి-పట్టా అన్నా, సీమల డికెటి పట్టా అన్నా, సర్కారు భూమిలేని పేదకు ఇచ్చిన భూమి ఇదే. ఈ చట్టం అమ్మొద్దనడమే కాదు, కొనొద్దనీ అన్నది. కౌలు, తాకట్టు, దానం, మార్పిడి ఏ పేరుతోనూ తీసుకోరాదన్నది. కొన్నోనికి జైలు శిక్ష కూడ రాసిపెట్టింది. అట్ల చేతులు మారిన భూమిని కలెక్టరు, లేదా ఆయన అధికారమిచ్చిన తహసీల్దారు, స్వాధీనం చేసుకొని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించవచ్చు.

దాచకుండ మరొక మాట చెప్పాలి. ఈ చట్టం రెండు వైపులా పదునున్న కత్తి. ఒకసారి తిరిగొచ్చిన భూమిని మళ్ళీ అమ్మితే అది మనకు దక్కదు, వేరే పేదకు పోతుంది. సర్కారు నోటిఫై చేసిన ప్రాంతాలలో అట్లా స్వాధీనమైన భూమిని ప్రజావసరం పేరుతోని వాడుకునే వీలు కూడ తర్వాత సవరణలలో పెట్టుకున్నరు. "అమ్మి పైసలు తిందాం, మళ్ళ కేసు వేసి తెచ్చుకుందాం" అనుకుంటే మోసపోయేది మనమే. బ్రోకరు భయపెట్టేది కూడ ఈ పదును చూపించే.

2015లో అమరావతి రాజధాని కోసం భూసమీకరణ మొదలైన నాడు ఏం జరిగిందో మరువొద్దు. పట్టా భూమికి ఒక లెక్క, అసైన్డు భూమికి అంతకన్న తక్కువ లెక్క కట్టిన్రు. సర్కారు ఏమీ ఇయ్యదని భయపెట్టి దళితుల భూములు చౌకగా రాయించుకున్నరని ఫిర్యాదులు వచ్చినయి. ఆంధ్రప్రదేశ్‌ల 2023లో చట్టం మార్చి, 20 ఏండ్లు దాటిన అసైన్డు భూములకు అమ్ముకునే హక్కు ఇచ్చిన్రు. 2024లో ప్రభుత్వం మారినంక అట్లా విడిచిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలనకు పెట్టిన్రు. ఒకడు తెరిచిన తలుపు ఇంకొకడు మూస్తడు. మధ్యలో గడప మీద నిలబడి మన చెవిల ఊదేటోడు మాత్రం ఆ బ్రోకరే.

ఇంకొక చట్టం మన చేతిల ఉన్నది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతో అత్యాచారాల నిరోధక చట్టం, దళితుల, ఆదివాసుల భూమిని అక్రమంగా ఆక్రమించినా, వాళ్ళను ఆ భూమి నుంచి వెళ్ళగొట్టినా నేరమన్నది. భయపెట్టి తీసుకున్న సమ్మతి, రికార్డు తారుమారు చేసి సంపాదించిన హక్కు కూడ అక్రమమేనని ఆ చట్టమే వివరించింది. "నువ్వే వేలిముద్ర వేసినవు కదా" అని ఎవడన్న అంటే, ఎట్ల వేయించినవో చెప్పుమని ఎదురు అడగొచ్చు.

ఇక బండి వెనక కూచున్న పిల్లగాని సంగతి. వాడు మనోడే. డిగ్రీ చదివిండు, కొలువు లేదు. ఎవరికి ఎంత అప్పున్నది, ఎవరింట్ల పెండ్లున్నది, ఎవరి పట్టా ఎవరి పేరు మీదున్నది అన్నీ వానికి తెలుసు. కంపెనీకి కావలసింది వాని డిగ్రీ కాదు, ఆ తెలివిడే. కంపెనీకి నంబరున్నది, వానికి లేదు. రేపు కేసయితే కంపెనీ పట్నంల ఉంటది, వాడు ఊళ్ళె దొరుకుతడు. వాన్ని తిట్టి లాభం లేదు. కూచోబెట్టి మాట్లాడాలె. "తమ్మీ, ఈ పనే చెయ్యాలనుకుంటే నీ పేరు మీద రిజిస్టర్ అయి కాయిదం మీద చెయ్యి. కాని మన వాడ లావణి భూమి జోలికి మాత్రం పోకు" అని చెప్పాలె.

ప్రభుత్వాలను మనం అడగవలసినవి ఇవి. ఒకటి, వెంచర్ కోసం పొలాలు కొనిపెట్టే మధ్యవర్తిని కూడ ఏజెంటు నిర్వచనంలోకి తేవాలె. రెండు, వెంచర్ రిజిస్టర్ చేసే ముందు ఆ సర్వే నంబర్ల చరిత్ర గ్రామపంచాయతిలో, దళితవాడలో అంటించి అభ్యంతరాలు వినాలె. మూడు, మహారాష్ట్రల 2023లో ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసిన్రు. మన దగ్గరా పెట్టాలె, ఆ పరీక్షలో 1977 చట్టం మొదటి పాఠం కావాలె. నాలుగు, అసైన్డు భూమి బేరంల దొరికిన బ్రోకరు రిజిస్ట్రేషన్ రద్దు చేసి, వాని ఫొటో ఊళ్ళెనే పెట్టాలె.

సర్కారు వినేదాక చేతులు కట్టుకొని కూచోవద్దు. ప్రతి వాడల సంఘం ఒక నోటుబుక్కు పెట్టాలె. ఎవరికి ఏ సర్వే నంబరుల ఎంత లావణి భూమి ఉన్నదో, పట్టా ఎవరి పేరున ఉన్నదో, ఇప్పుడు కబ్జాల ఎవరున్నరో రాయాలె. పహాణీ నకళ్ళు, అడంగళ్ళు తీసిపెట్టాలె, ఇయ్యకుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలె. పట్టా తల్లి పేరున ఉన్నప్పుడు కొడుకు సంతకంతోని బేరం సాగనియ్యొద్దు. ఖాళీ కాయిదం మీద ఎవ్వరూ వేలిముద్ర వెయ్యొద్దు. పైస అక్కర పడితే ముందు సంఘానికి చెప్పాలె.

భూమిని రాజ్యం ఆస్తి చేసి, ఊరోళ్ళకు సాగుకు ఇయ్యాలని 1947లోనే బాబాసాహెబ్ రాసిండు. అది జరగలేదు. దక్కింది ఈ ఎకరం, అరెకరం. నాగలి కర్రు తగలని రాళ్ళ గుట్టలను మన తాతలు చేతులతోని ఏరి పొలం చేసిన్రు. ఆ రాళ్ళు ఏరిన చోటే ఇయ్యాల రంగు రాళ్ళు పాతుతున్నరు. ఈసారి ఆ మనిషి బండి చాయ్ హోటల్ కాడ ఆగినప్పుడు, ఆయన కార్డు చూపక ముందే మన నోటుబుక్కు తీసి చూపిద్దాం.

జై భీమ్!