ఆటలో ఆట



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే సంగతిని గురించి ఉన్నవి. మదనపల్లె బాలుడొకడు, ''కథతో నడిచే వీడియో ఆటలలో మధ్య మధ్య చిన్న ఆటలు వస్తవి. అవి వదిలేసి కథ చూసుకోమని అన్నయ్య అంటాడు. వదిలేస్తే తప్పా?'' అని అడిగాడు. కుప్పం నుంచి ఒక బాలిక, ''ఆ చిన్న ఆటల్లో ఏది మంచిదో, ఏది కాదో ఎట్లా తేల్చాలి?'' అన్నది. మూడవ ఉత్తరం పుంగనూరులోని ఒక తల్లిది. ''మా వాడు సాయంత్రం పూట ఎలుకకు కసరత్తు చేయిస్తూ కూచుంటున్నాడు. ఇది బుద్ధి పెంచేదా, పొద్దు పుచ్చేదా?'' అని ఆవిడ ప్రశ్న.

ఈ ముసలాయనకు వీడియో ఆటల గొడవ ఎందుకని నవ్వకండి. ఏళ్ళ తరబడి జవాబు పత్రాలు దిద్దినవాణ్ణి. దేనికైనా మార్కులు వేయమంటే నాకు ఇప్పటికీ హుషారే.

ముగ్గురూ వ్రాసినది ఒకే ఆటను గురించి. జపానులో ఫుకువోకా నగరంలో లెవెల్ ఫైవ్ అనే సంస్థ ఉన్నది. వారు 2007లో ప్రొఫెసర్ లేటన్ అనే పండితుణ్ణీ, ల్యూక్ అనే ఆయన చిన్న శిష్యుణ్ణీ కల్పించి ఒక ఆట తయారు చేశారు. అది జనానికి నచ్చింది. ఆ ఏడు నవంబరులోనే రెండవ కథ వచ్చింది. 2009లో ఇంగ్లీషులో వచ్చినప్పుడు దానికి అమెరికాలో 'డయబాలికల్ బాక్స్' అనీ, ఐరోపాలో 'పండోరాస్ బాక్స్' అనీ పేర్లు పెట్టారు. మొదట నింటెండో డీఎస్ అనే చేతి యంత్రం మీద ఆడేవారు. తరవాత ఫోనులోకి కూడా వచ్చింది.

కథ ఇది. లేటన్‌కు ష్రేడర్ అనే గురువు ఉన్నాడు. ''తెరిచినవారి ప్రాణం తీస్తుందని చెప్పుకునే ఒక పెట్టె నాకు దొరికింది. తెరిచి చూడబోతున్నాను,'' అని ఆయన శిష్యుడికి ఉత్తరం వ్రాస్తాడు. లేటనూ, ల్యూకూ ఆదరాబాదరాగా వెళ్ళేసరికి గురువు కింద పడి ఉన్నాడు. పెట్టె మాయమయింది. దొరికినదల్లా ఒక రైలు టికెట్టు. దాని మీద దిగవలసిన ఊరి పేరు లేదు! ఆ టికెట్టు పట్టుకుని ఇద్దరూ రైలెక్కుతారు. ఇంతకు మించి నేను చెప్పను.

దారి పొడుగునా 150కి పైగా చిక్కు ప్రశ్నలు ఎదురవుతవి. వాటిని కూర్చినవాడు అకిరా తాగో అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు. 1966 నుంచి ఆయన 'బుర్రకు కసరత్తు' అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకాలు వ్రాశాడు. 2016లో చనిపోయాడు. ఆ ప్రశ్నలు కాక ఇందులో మూడు చిన్న ఆటలున్నవి: కెమెరా, ఎలుక, టీ. మనం మార్కులు వేయవలసింది ఈ మూడింటికి.

మార్కులు వేయాలంటే కొలబద్ద కావాలి గదా. దాని కోసం జపాను దాకా పోనక్కరలేదు. కథను ఆపి పిల్లల ముందు చిక్కు పెట్టడం మనకు తెలిసిన విద్యే. బేతాళ కథలు చూడండి. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తుంటాడు. బేతాళుడు ఒక కథ చెప్పి, చివర ప్రశ్న వేస్తాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఇప్పుడు ఆ ప్రశ్నను తీసేయండి. ఏమవుతుంది? రాజు శవాన్ని మోసుకుపోయి శ్మశానంలో దించుతాడు. అంతటితో కథ సరి! ఇరవై అయిదు కథలూ ఆ ప్రశ్న అనే చీల మీదనే తిరుగుతున్నవి.

నా కొలబద్ద ఇదే. ఆటను కథలోంచి ఊడదీసి చూడండి. కథకు దెబ్బ తగిలిందా? తగిలితే ఆ ఆట కథకు చెందినది. తగలకపోతే అది అంటించినది. అయితే అంటించినదంతా చెడ్డదని తొందరపడకండి. అప్పుడు ఇంకొక ప్రశ్న వేయాలి: ఒంటరిగా నిలబెడితే అది ఆటగా నిలుస్తుందా? పుంగనూరు ఆవును చూశారు గదా, నిండా మూడడుగుల ఎత్తు ఉండదు. అంతమాత్రాన అది దూడ కాదు. పొదుగూ, పాలూ అన్నీ ఉన్న పూర్తి ఆవు. చిన్న ఆట కూడా అట్లాగే ఉండాలి. పొట్టిదైనా ఫరవాలేదు, కొరత ఉండకూడదు.

ఇక కెమెరా. చిక్కు ప్రశ్నలు విప్పుతూ పోతే విరిగిపోయిన కెమెరా ముక్కలు ఒక్కొక్కటే దొరుకుతవి. వాటిని సరిగా అమర్చాలి. అమర్చడం పెద్ద విశేషం కాదు. అసలు సరదా ఆ తరవాత ఉన్నది. కొన్ని చోట్ల ఫోటో తీస్తే, ఫోటోలోని దృశ్యమూ, కళ్ళ ముందున్న దృశ్యమూ ఒకటిగా ఉండవు. మూడు తేడాలు పట్టుకోవాలి. పట్టుకుంటే దాగి ఉన్న చిక్కు ప్రశ్న బయట పడుతుంది. అపరాధ పరిశోధకుడు చేసే పని ఇదే గదా! నిన్న ఉన్నది ఇవాళ ఎందుకు లేదు, ఇక్కడ ఉండకూడనిది ఎట్లా వచ్చింది అని చూడటమే. ఈ ఆట ఆడుతుంటే మనమూ లేటన్ పక్కన నిలబడినట్టుంటుంది. నాలుగైదు ఫోటోల తరవాత కొత్తదనం తగ్గుతుంది గనక రెండు మార్కులు కోసి, పదికి 8 వేస్తున్నాను.

టీ ఆటలో మూడేసి దినుసులు కలిపి రకరకాల టీలు కాచాలి. కథలో కనిపించే మనుషులు దాహమంటారు. వారి మాట తీరును బట్టి ఎవరికి ఏది నచ్చుతుందో ఊహించి ఇవ్వాలి. కుప్పం బాలిక దీనికే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు వేసింది. ''వాళ్ళ మాటలు మళ్ళీ మళ్ళీ చదివాను,'' అన్నది. అది మంచి కారణమే. ఎదుటివాడి మాట చెవిన పెట్టడం పరిశోధకుడికి కూడు పెట్టే విద్య. కాని దినుసులు కలిపే దగ్గర ఆలోచన తగ్గి తడుములాట ఎక్కువయింది. ఇది వేసి చూద్దాం, అది వేసి చూద్దాం అంటూ కూచోవాలి. మన ఇళ్ళలో అట్లా పాలు వృథా చేస్తే అమ్మ ఊరుకుంటుందా? 6.

ఎలుక సంగతి విచిత్రం. హామ్‌స్టర్ అనే బొద్దెలుక ఒకటి తిని తిని లావెక్కింది. గళ్ళు గీసిన నేల మీద బొమ్మలూ, తిండీ అక్కడక్కడ పెట్టి, అలిసిపోయే లోపల అది ఎక్కువ అడుగులు వేసేట్టు చేయాలి. ఏది ఎక్కడ పెడితే ఎటు తిరుగుతుందో ముందే లెక్క వేసుకోవాలి. ఒంటరిగా చూస్తే మూడింటిలో ఇదే బలమైన ఆట, సరిగ్గా పుంగనూరు ఆవే! కాని అక్కడ గురువు నేల మీద పడి ఉంటే ఇక్కడ మనం ఎలుకకు వ్యాయామం చేయించడమేమిటి? సన్నబడిన ఎలుక సూచనల నాణేలు వెతకడంలో సాయపడుతుంది. చిక్కు విడకపోతే ఆ నాణెం ఇచ్చి సూచన కొనుక్కోవచ్చు. కథకూ దీనికీ ఉన్న బంధం అంతే. ఊడదీస్తే కథకు గోరంత గాయం కూడా కాదు. ఆటగా 9 వేస్తాను, కథలో భాగంగా 3. సగటు కట్టి 6 అంటే రెండు సంగతులూ మరుగున పడతవి గనక రెండంకెలూ అట్లాగే ఉంచుతున్నాను.

కథా, ఆటా విడదీయరానంతగా అతుక్కుపోయినది చూడాలంటే పులిజూదం చూడండి. పాత గుళ్ళ బండల మీద ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తవి. కుప్పంలో అయితే తమిళులు దాన్నే ఆడుపులి ఆట్టం అంటారు, కన్నడిగులు ఆడుహులి ఆట అంటారు. 3 పులులు, 15 మేకలు, 23 చోట్లు. పులి దూకి మేకను తింటుంది. మేక తినలేదు, గుంపుగా చేరి పులికి దారి లేకుండా కట్టేస్తుంది. అక్కడ నియమాన్ని తీసేస్తే కథ లేదు, కథను తీసేస్తే నియమానికి అర్థం లేదు.

మదనపల్లె బాలుడికి జవాబు: తప్పేమీ లేదు. ఈ మూడూ ఆడకపోయినా కథ చివరికంటా నడుస్తుంది. అయితే కెమెరాను మాత్రం వదలవద్దని నా సలహా.

పుంగనూరు తల్లిగారికి ఒక మాట. అమ్మా, ఆట ఆపించే ముందు ఒకసారి అబ్బాయి పక్కన కూచుని, ''ఆ బొమ్మను అక్కడే ఎందుకు పెట్టావు?'' అని అడగండి. ''అటు పెడితే ఎలుక మూల మలుపు తిరిగి ఇంకో నాలుగడుగులు వేస్తుంది,'' అని చెప్పగలిగితే బుర్ర పని చేస్తున్నదన్నమాట. పావుగంట ఆడనివ్వండి. ''ఊరికే పెట్టాను,'' అంటే పొద్దు పుచ్చుతున్నాడన్నమాట. అప్పుడు నిస్సంకోచంగా ఫోను తీసుకోండి.

మిగిలిన పిల్లలు మొదటి లేటన్ కథకు మార్కులు వేసి పంపండి. అందులోనూ మూడు చిన్న ఆటలున్నవి: బొమ్మ ముక్కలు అతకడం, సత్రం గదులలో సామాను సర్దడం, ఇనప కుక్కను కట్టడం. ఏది ఊడదీస్తే కథకు ఏమయిందో కారణంతో సహా వ్రాయాలి. ఉత్తుత్తి అంకెలు నాకు వద్దు. రెండవ కథ ఆడేసినవారు పెట్టె రహస్యం మాత్రం ఉత్తరంలో బయట పెట్టకండి. మదనపల్లె బాలుడు ఇంకా రైల్లోనే ఉన్నాడు.